ఆచార్యులవారికి చెంబెడు నీళ్ళు

పొరుగు రాజుగారింటికి విందుకు వెళ్ళొచ్చాక పిప్పలగిరి ప్రభువు వీరకేసరికి కొత్త కోరిక పట్టుకుంది.

"వాళ్ళ కోటలో ఒక్క తప్పు కూడా జరగదట. మన కోటలోనూ జరక్కూడదు. రేపటి నుంచే," అన్నాడు సభలో.

ఆ విద్య తనకు తెలుసంటూ ముందుకొచ్చినవాడు సర్వోత్తమాచార్యులు. ఆయన ఎక్కడ చదివాడో ఎవరికీ తెలీదు గాని, చాలా చదివానని ఆయనే చెప్పేవాడు. రాజు ఆయన్ని శ్రేష్ఠతాధికారిని చేసి, చేతికి వెండికర్ర ఇచ్చాడు.

ఆచార్యులు వంటశాలతో మొదలుపెట్టాడు. రాజుగారికి పొద్దున్నే పెసరట్టు ఉండాలి. అది పెనం మీంచి నేరుగా ఆకులోకి రావడం ఆ ఇంటి అలవాటు. ఇక మీదట అలా కుదరదని, పెనానికీ ఆకుకీ మధ్య ఆచార్యులు పరీక్షకుల్ని నిలబెట్టాడు. అందరూ ఆయన బావమరుదులే.

మొదటివాడు రంగు చూసేవాడు. వంటింట్లో వెలుతురు చాలదని అట్టును తోటలోకి తీసుకెళ్ళేవాడు. రెండోవాడు గుండ్రం చూసేవాడు. గుండ్రంగా లేకపోతే చుట్టూ కోసి సరిచేసేవాడు. కోసింది పారేయడం పాపం గనక తినేవాడు. ఆ తర్వాత వాసనవాడు. చివర రుచివాడు. రుచి ఒక్క ముక్కతో తేలే విషయం కాదని రుచివాడి అభిప్రాయం.

నెల తిరిగేసరికి రాజు ఓపిక అయిపోయింది.

"ఆచార్యులవారూ, ఇదేమిటి?"

"పెసరట్టు ప్రభూ."

"మా ఉంగరమంత ఉంది. చల్లగా కూడా ఉంది."

"కాని దోషం లేదు. తమరు గమనించే ఉంటారు."

"దీనికి కరకరలాడే అంచు ఒకటి ఉండేది. ఏమైంది?"

"దోషాలన్నీ అంచులోనే ఉంటాయి ప్రభూ."

రాజు మొహం చూసి ఆచార్యులు వెంటనే సర్దుకున్నాడు. "అట్టు చిన్నదవడానికి వంటమనిషే కారణం. పేరిందేవమ్మ చెయ్యి దెబ్బతింది, మునుపటి పనితనం లేదు. ఈ సాయంత్రానికి ఆవిణ్ణి పంపేసి, కొలత చూసేవాణ్ణి ఒకణ్ణి పెడితే సరిపోతుంది. నాకింకో బావమరిది ఉన్నాడు."

రాజు పాలపళ్ళు ఊడకముందు నుంచీ ఆ ఇంట వంట పేరిందేవమ్మదే. సంగతి తెలిసి పిండి చేతులతోనే సభలోకి వచ్చింది.

"బాబూ, నేను వేసేది పళ్ళెమంత. మీకొచ్చేది బిళ్ళంత. ఆకలేసినవాడికి వేళకి వేడిగా అందాలి గాని, మధ్యలో ఇన్ని చేతులెందుకు? మధ్యలో మేసేవాళ్ళని వదిలి నన్ను పొమ్మంటే పోతాను. మా అమ్మాయి దగ్గర నాకింత ముద్ద దొరుకుతుంది. కాని చెయ్యి దెబ్బతిందన్న మాట మాత్రం మోసుకుపోను."

రాజు ఇబ్బందిగా కదిలాడు. వెండికర్ర ఇచ్చింది తనే. ఇప్పుడు కాదంటే తనదే తప్పవుతుంది. కోటలో తప్పులు జరక్కూడదు కదా.

అప్పుడు తిప్పన్న గొంతు సవరించుకున్నాడు. తిప్పన్న రాజుగారి తాంబూలం పెట్టె మోసే కొలువుకాడు. పని తక్కువ, మాట ఎక్కువ.

"ప్రభూ, పేరిందేవమ్మ చెయ్యి ఎలా ఉందో ఆచార్యులవారే తేల్చాలి. పెనం మీంచి నేరుగా తిని చెప్పాలి. అంతటి నాలుక రాజ్యంలో ఇంకెవరికుంది?"

ఆచార్యులు తన నాలుక గురించి అంత బాగా ఎవరూ చెప్పగా వినలేదు. సరేనన్నాడు.

సభలోకే కుంపటి, పెనం వచ్చాయి. తిప్పన్న పేరిందేవమ్మ పక్కనుంచి వెళుతూ, "అక్కా, మిరపకాయలు నీ ఇష్టం," అన్నాడు. ఆవిడకి ఆ పూట ఇష్టం బాగా ఉంది.

వేడి పెసరట్టు ఆచార్యుల ఆకులో పడింది. ఇంతకాలం బావమరుదులు వదిలింది తప్ప తినని మనిషి, కళ్ళు మూసుకుని అంచు కరకర నమిలాడు. సగం అట్టు మింగాక కళ్ళు తెరిచాడు. అవి ఎర్రగా ఉన్నాయి.

"నీళ్ళు," అన్నాడు.

తిప్పన్న గబగబా చెంబు తెచ్చాడు. తెచ్చి మొదటి బావమరిది చేతిలో పెట్టాడు.

"రంగు చూడు నాయనా. అధికారిగారు తాగే నీళ్ళు."

వాడు చెంబుతో తోటలోకి వెళ్ళాడు. ఎంతకీ రాడు. నీళ్ళకి రంగే లేదని వాడి గొడవ.

"తిప్పన్నా, నీళ్ళు," అన్నాడు ఆచార్యులు, నాలుక బయటపెట్టి.

"వస్తున్నాయండీ. ప్రస్తుతం గుండ్రం దగ్గరున్నాయి."

చెంబు గుండ్రంగానే ఉంది గాని నీళ్ళ సంగతి తేలలేదని రెండోవాడు తల గోక్కుంటున్నాడు. వాసనవాడు చెంబులో ముక్కు ముంచి తుమ్మాడు. రుచివాడు తన అలవాటు ప్రకారం చెంబు ఖాళీ చేసి, "బాగున్నాయి," అన్నాడు.

తిప్పన్న ఇంకో చెంబు నింపి మళ్ళీ మొదటివాడికిచ్చాడు.

ఆచార్యులు లేచాడు. గుమ్మం దగ్గర, సభకొచ్చేవాళ్ళందరూ కాళ్ళు కడుక్కునే గంగాళం ఉంది. వెండికర్ర విసిరేసి పరుగెత్తి అందులో తల పెట్టాడు. గుటకలు సింహాసనం దాకా వినిపించాయి.

"ఆచార్యులవారూ, ఆ నీళ్ళ రంగు చూశారా?" అన్నాడు తిప్పన్న. "వాసనో?"

ఆచార్యులు గడ్డం మీంచి నీళ్ళు కారుతుండగా తల ఎత్తాడు. "నోరు మండేవాడికి పరీక్షలేమిటయ్యా? వేళకి అందాలి గాని."

తిప్పన్న రాజువైపు తిరిగాడు.

"ప్రభూ, పేరిందేవమ్మ చెప్పిందీ ఇదే. గంగాళంలో తల పెట్టకుండా చెప్పింది, అంతే తేడా."

రాజు సింహాసనం చేతులు పట్టుకుని నవ్వాడు. సభంతా నవ్వింది.

"ఇంతకీ పేరిందేవమ్మ చెయ్యి దెబ్బతిందా?" అని అడిగాడు, ఊపిరి తీసుకుని.

"లేదు ప్రభూ," అన్నాడు ఆచార్యులు. "నా నాలుకే."

వెండికర్ర పేరిందేవమ్మకి వెళ్ళింది. పొయ్యి దగ్గరికి ఎవరైనా వస్తే దాన్నెలా వాడాలో ఆవిడకి ఎవరూ నేర్పనక్కర్లేదు. రాజు ఆకులో పళ్ళెమంత పెసరట్టు, అంచుతో సహా, పొగలు కక్కుతూ పడింది. అది తింటూనే రాజు మెడలోని ముత్యాల హారం తీశాడు.

"తిప్పన్నా, ఇది నీకు. ముత్యాలు మంచివో కాదో చూసుకుంటావా?"

తిప్పన్న రెండు చేతులూ చాపాడు.

"త్వరగా ఇచ్చేయండి ప్రభూ. చూసేవాళ్ళు ఇంకా ఇక్కడే ఉన్నారు."