చారలయ్య చక్రాల పీట

అనగనగా ఒక అడవి, ఆ అడవిని ఆనుకుని ఒక రోడ్డు. దారిన పోయేవాళ్ళు అక్కడ ఆగి, తినేది తిని, అక్కర్లేనిదంతా పొదల్లోకి విసిరేసి పోయేవారు. అది మంచి పని కాదు పిల్లలూ, మీరెప్పుడూ అలా చెయ్యకండి. కానీ చారలయ్య అనే ఉడుతకు మాత్రం ఆ చెత్తే పెద్ద నిధి.

విరిగిన ఆటబొమ్మల్లోంచి మోటార్లూ, బ్యాటరీలూ, తీగలూ ఏరుకొచ్చి చారలయ్య ఒక రోబోను తయారుచేశాడు. దానికి కొబ్బరిచిప్ప తల, రేకుడబ్బా ఒళ్ళు, ముందుకు చాచిన రెండు చేతులు. ఎవరూ చెయ్యమనలేదు. అదతని సరదా. ఆ రోబో తల తిప్పేది, చేతులు ఊపేది. కదలడం మాత్రం దానికి రాదు. అందుకని పచ్చడి సీసాల మూతలను చక్రాలుగా బిగించి, వాటికి ఒక మోటారు తగిలించి, చారలయ్య దాని కిందికి ఒక చక్రాల పీట చేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సీతాలు అనే కౌజుపిట్ట వాగు ఒడ్డున గుడ్లు పెట్టి పొదుగుతోంది. కౌజులు చెట్ల మీద గూళ్ళు కట్టవు. నేల మీద గడ్డిలోనే గుడ్లు పెడతాయి. ఇంతలో పైన కొండల్లో వాన పట్టుకుంది. వాగు ఎర్రగా పొంగి గడ్డి దాకా వస్తోంది. పిట్ట తన గుడ్లను తాను మోయలేదు కదా! సీతాలు ఏడుస్తూ కూర్చుంది.

ఆ ఏడుపు విని కొండముచ్చు అవ్వ వచ్చింది.

"ఊరుకోవే తల్లీ. చేతికొక గుడ్డు పట్టుకుని నేను మెట్ట మీదికి చేరుస్తాను. ముసలిదాన్ని, మెల్లగా నడుస్తాను. అయినా పొద్దు వాలేలోగా అన్నీ చేరతాయి," అంది.

అక్కడే ఉన్న చారలయ్య ఊరుకోలేకపోయాడు.

"అంతసేపు పడితే గుడ్లు చల్లబడిపోవూ? నా రోబో అయితే అన్నీ ఒక్క విడతలో తీసుకుపోతుంది. పీటను ఇప్పుడే పరీక్షించి చూపిస్తాను, రండి," అన్నాడు.

అందరూ చదును బండ దగ్గరికి వెళ్ళారు. మొదటిసారి రోబోను ఉత్త చేతులతో నడిపాడు. అది నున్నటి బండ మీద జారినట్టు పోయింది. చూడవచ్చిన కుందేళ్ళు చప్పట్లు కొట్టాయి.

రెండోసారి దాని చేతుల్లో బుట్ట పెట్టి, గుడ్లకు బదులు గులకరాళ్ళు వేశాడు. మలుపులో రోబో ఊగింది. చారలయ్య చటుక్కున చెయ్యి వేసి సర్దాడు. అది ముందుకు పోయింది. మళ్ళీ చప్పట్లు.

మూడోసారి ఏటవాలుగా ఉన్న చోట నడిపాడు. ఒక చక్రం గాల్లోకి లేచింది. చారలయ్య పక్కనే పరుగెత్తి భుజం ఆనించాడు. రోబో ఎలాగో చివరికి చేరింది. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

కొండముచ్చు అవ్వ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"ఒరే చారలూ! ఒకసారి చెయ్యి వేశావు, ఒకసారి భుజం ఆనించావు. బరువు పైన ఉంది, పీట ఇరుగ్గా ఉంది. ఏదీ, దూరంగా నిలబడి ఇంకోసారి నడుపు. పడితే రాళ్ళేగా పడేది," అంది.

ఆ మాట నిజమని చారలయ్యకు తెలుసు. చక్రం లేచినప్పుడు పడిపోతుందనే అనుకున్నాడు కూడా. కానీ ఇంతమంది ముందు పడిపోతే? కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు. తన పీటకు ఎవరైనా వంక పెడితే అతను తట్టుకోలేడు.

"అబ్బే, ఊరికే అలవాటుగా పట్టుకున్నానవ్వా," అన్నాడు.

సీతాలు అతని కళ్ళలోకి చూసింది. "చారలన్నా, నిజం చెప్పు. పడదుగా?"

"పడదమ్మా," అన్నాడు చారలయ్య.

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. నాకు అతని మీద కోపం వచ్చేది అక్కడే.

గుడ్లను బుట్టలో సర్దారు. రోబో మెట్ట దారి పట్టింది. చారలయ్య దాన్ని పట్టుకునే నడిచాడు. సగం దారిలో మలుపు దగ్గర ఒక రాయి అడ్డంగా ఉంది. దాన్ని తీయడానికి చారలయ్య చెయ్యి వదిలి ముందుకు పరుగెత్తాడు. వెనక చప్పుడైంది. తిరిగి చూసేసరికి రోబో పక్కకు పడి ఉంది. దాని చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి.

గడ్డి మీద పడిన ఒక్క గుడ్డు మిగిలింది. తక్కినవన్నీ పగిలిపోయాయి.

అవ్వ మిగిలిన గుడ్డును అరచేతిలో పెట్టుకుని మెట్ట ఎక్కింది. సీతాలు చారలయ్య వైపు తిరిగి ఇలా అంది:

"నీ రోబో పడిందని కాదన్నా నా బాధ. పడుతుందేమోనని నీకు తెలుసు. తెలిసీ పడదన్నావు. అవ్వను కాదని నేను నీ మాట నమ్మాను."

చారలయ్య వంగి, పగిలిన పెంకులను ఒక్కొక్కటిగా ఏరి బుట్టలో వేశాడు.

వానలు వెలిశాక అతను పీటను వెడల్పు చేశాడు. రోబో చేతులు కిందికి దించాడు. ఎవర్నీ పిలవకుండా బండ మీదికి తెచ్చి, రాళ్ళు నింపి, దూరంగా నిలబడ్డాడు. మలుపులో అది పడింది. చెయ్యి వెయ్యాలని ఎంత అనిపించినా వెయ్యలేదు. ఏదో బిగించి మళ్ళీ నడిపాడు. మళ్ళీ పడింది.

అంతలో సీతాలు అటుగా వచ్చింది. వెనక ఒకే ఒక్క పిల్ల.

"ఎక్కడ పడుతోంది?" అని అడిగింది సీతాలు.

"ఆ మలుపులోనమ్మా," అన్నాడు. "రెండుసార్లు పడింది. ఎందుకో నాకింకా తెలియలేదు."

సీతాలు పిల్లను రెక్క కింద దాచుకుని, బండకు దూరంగా, గడ్డిలో కూర్చుంది.

"నడుపు. చూస్తాను," అంది.

నీతి: మన పనిలోని లోపాన్ని తెలిసీ దాచిపెడితే, దాని దెబ్బ మనల్ని నమ్మినవాళ్ళకు తగులుతుంది.