కరెంటులో మురికి

సన్యాసిరావు మాస్టారి చేతిలో సోల్డరింగ్ ఇనుము వేడిగా ఉన్నంతసేపు ఎవరు ఏమడిగినా జవాబు వచ్చేది కాదు. దాన్ని స్టాండు మీద పెట్టి, స్విచ్చి ఆపి, చల్లారనిచ్చి, అప్పుడు అడిగినవాళ్ల వైపు తిరిగేవారు. ఆలోపు సగం ప్రశ్నలు వాటంతటవే ఆవిరైపోతాయని ఆయన నమ్మకం. విజయనగరంలో ఆయన ఆంప్లిఫయర్లు బాగుచేసే గదిలో పని నేర్చుకున్న మాకందరికీ అలా కాచుకుని కూర్చోవడం అలవాటే.

శశిరేఖ ఆ రోజు తెచ్చిన ప్రశ్న మాత్రం ఇనుము చల్లారినా ఆవిరి కాలేదు. ఆవిడకు నలభై దగ్గర పడుతున్నాయి. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతూ కూడా సెలవురోజుల్లో మాస్టారి దగ్గరికి వచ్చి కూర్చునేది. వాళ్ల వీధిలో ఉండే ఒక పెద్దాయన ప్లగ్గులో పెట్టే ఫిల్టరు ఒకటి కొన్నాడట. కరెంటులో ఉండే రొదను అది వడగట్టేస్తుందనీ, పాట కడిగిన ముత్యంలా వినిపిస్తుందనీ అమ్మినవాళ్లు చెప్పారట. పెద్దాయన కూడా అలాగే వినిపిస్తోందంటున్నాడు. శశిరేఖ ఆయన ఆంప్లిఫయరు నుంచి బయటికొచ్చే శబ్దాన్ని మీటరుతో చూసింది. ఫిల్టరు ఉన్నా లేకపోయినా ముల్లు ఒక్కచోటే ఉంది. ఇప్పుడాయన, పరీక్షించి చూశావుగా, మంచిదని ఒక ముక్క రాసివ్వమంటున్నాడు. ఆ తెల్లటి ఫిల్టరు పెట్టెను కూడా తెచ్చి బల్లమీద పెట్టింది.

"మీటరు లేదంటోంది, మనిషి విన్నానంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు వాదనలోకి దిగలేదు. దూసి భాస్కరమూర్తి అని ఒకాయన ఉండేవాడని మొదలుపెట్టారు. మాస్టారు చెప్పినదాన్ని నాకు గుర్తున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

భాస్కరమూర్తి గోనెసంచుల మిల్లులో టైమ్‌కీపరుగా పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. మేడమీద రెండు గదుల వాటాలో ఆయనా, ఒక రికార్డు ప్లేయరూ, గోడవారగా పేర్చిన వయొలిన్ రికార్డులూ ఉండేవి. వారమంతా ఆ మెట్లెక్కే మనిషి ఒక్కడే, గేదెల అప్పలసూరి. అదే మిల్లులో మగ్గాల మేస్త్రీగా పనిచేసినవాడు. ఆదివారం పొద్దున్న టిఫిన్ వేళకి వచ్చి, కిటికీ పక్క చెక్కకుర్చీలో కూర్చుని, రెండు రికార్డులు విని వెళ్లేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. మూర్తి కళ్లు మూసుకుని వినేవాడు. పాట అయ్యాక కళ్లు తెరిస్తే సూరి ఎదురుగా ఉండేవాడు. నాలుగేళ్లు అలా గడిచింది.

తర్వాత ఫిల్టరు వచ్చింది. అరచేతిలో పట్టే తెల్లటి పెట్టె, దాని నుదుటిమీద చిన్న నీలం దీపం. వీధిలోని ఫ్రిజ్‌లూ మిక్సీలూ ట్యూబులైట్లూ కలిసి కరెంటులో మురికి కలుపుతాయనీ, ఆ మురికే సంగీతాన్ని మసకబారుస్తుందనీ దాంతో వచ్చిన కాగితంలో ఉంది. మూర్తి దాన్ని ప్లగ్గులో పెట్టి, ఆ సాయంత్రమంతా ఒక్కడే కూర్చుని విన్నాడు. కమాను తీగను తాకే ముందు వాయించేవాడు పీల్చిన ఊపిరి కూడా వినిపించిందట. ఆదివారం కోసం ఎదురుచూసి, సూరి రాగానే వినిపించి, తేడా తెలిసిందా అని అడిగాడు.

సూరి కాసేపు ఆలోచించి, తనకేమీ తేడా లేదన్నాడు.

మూర్తి మళ్లీ పెట్టాడు. ఫిల్టరు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి వినిపించాడు. సూరి అదే మాట. మూడోసారి కూడా అదే మాట వచ్చేసరికి మూర్తికి ఒళ్లు మండి, "ముప్పయ్యేళ్లు మగ్గాల మోతలో చెవులు పారేసుకున్నవాడివి, నీకేం తెలుస్తుందిలే" అనేశాడు. సూరి కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు.

రెండు నెలలు పోయాక మూర్తి మాస్టారి దగ్గరికి వచ్చాడు. వచ్చింది ఇంకో ఫిల్టరు గురించి అడగడానికి. మొదటిదాని పని తగ్గుతోందనీ, పాటలో ఏదో వెలితి మళ్లీ మొదలైందనీ, దీనికంటే పెద్దది ఒకటి ఉందట, కొనమంటారా అనీ అడిగాడు. మాస్టారు ఉన్నమాట చెప్పారు. వచ్చిన కరెంటును శుభ్రం చేసుకునే ఏర్పాటు ఆంప్లిఫయరు లోపలే ఉంటుంది. ఎర్తు తీగ సరిగా లేకపోతే బొయ్యిమనే మోత వస్తుంది, దానికి తీగ సరిచేయాలి. ఈ పెట్టెకు ఆ ఇంట్లో చేయడానికి పనేమీ ఉండకపోవచ్చు. మూర్తి నమ్మలేదు. నా చెవులతో విన్నాను కదా అన్నాడు. అలాగైతే ఆ చెవులనే అడుగుదామని మాస్టారు మర్నాడు పొద్దున్న ఆయన ఇంటికి వెళ్లారు.

ముందు ఎర్తు చూశారు. బాగానే ఉంది. తర్వాత మూర్తిని ప్లగ్గువైపు వీపు పెట్టి కూర్చోమన్నారు. ఒక చింతపిక్కను ఒకవైపు అరగదీసి, దాన్ని నేలమీద వేసి, తెల్లవైపు పడితే ఫిల్టరు పెట్టడం, నల్లవైపు పడితే తీసేయడం. పెట్టినా తీసినా చప్పుడు ఒకేలా చేశారు. ప్రతిసారీ అదే రికార్డు, అదే చోటు. ఉందో లేదో మూర్తి తన చేత్తో తనే కాగితంమీద రాసుకున్నాడు. మాస్టారి లెక్క మాస్టారు రాసుకున్నారు. ఇరవై సార్లయ్యాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. మూర్తి సరిగ్గా చెప్పినవి తొమ్మిది. కళ్లు మూసుకుని ఏదో ఒకటి రాసినా ఇంచుమించు అన్నే కలిసేవి.

మూర్తి తన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాస్టారు పనిముట్ల పెట్టె సర్దుకుని లేవబోతుంటే, తనతో ఒకచోటికి రమ్మని అడిగాడు. ఒక్కడూ వెళ్లడానికి మొహం చెల్లడం లేదన్నాడు.

మిల్లు మూతపడ్డా, దాని వెనక కార్మికుల లైన్లలో ఇంకా కొన్ని కుటుంబాలు ఉంటున్నాయి. అప్పలసూరి తన ఇంటి అరుగుమీద వీధికి వీపు పెట్టి కూర్చుని, మంచానికి నులక బిగిస్తున్నాడు. మూర్తి వెనక నిలబడి "సూరీ" అని పిలిచాడు. సూరి తిరగలేదు. కోపం పోలేదనుకుని మూర్తి అక్కడే నిలబడి, దారిలో కూడబలుక్కున్న నాలుగు మాటలూ చెప్పాడు. తప్పు తనదేననీ, మనసులో పెట్టుకోవద్దనీ అన్నాడు. సూరి చేతులు ఆగకుండా నులక లాగుతూనే ఉన్నాయి.

లోపలినుంచి కోడలు వచ్చి, "గట్టిగా పిలవాలండి బాబూ. మావయ్యకి ఇనబడదు" అంది.

ఆ మాట విన్నప్పుడు మూర్తి మొహాన్ని తాను చూడలేకపోయాననీ, పక్కకు తిరిగి వీధి చూశాననీ మాస్టారు అన్నారు.

కోడలు భుజం తట్టగానే సూరి తిరిగి చూశాడు. నవ్వి, సగం అల్లిన మంచం అంచున ఇద్దరికీ చోటు చేశాడు. మూర్తి ఈసారి అతని చెవి దగ్గర వంగి, పరీక్ష సంగతంతా గట్టిగా చెప్పి, ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం, తేడా ఏమీ లేదు అన్నాడు.

"అదేటో నాకెలా తెలుస్తాదండీ," అన్నాడు సూరి. "ఆ రోజు నాకు పాటే ఇనబడనేదు. మీరు తేడా ఉందా అని అడిగారు. నాకు లేదు. ఉన్నమాట సెప్పినాను."

చెవులు ఎప్పటినుంచి ఇలా ఉన్నాయని అడిగితే, బాగా పోయి రెండేళ్లు కావస్తోందన్నాడు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకుంటాడట. చెవి దగ్గర గట్టిగా అరిస్తే కొంత అందుతుందట. రెండేళ్లంటే వంద ఆదివారాలు. మరి ఎందుకు వచ్చేవాడివి అని మూర్తి అడిగాడు.

సూరి కొంచెం సిగ్గుపడ్డాడు. "మీరు కళ్లు మూసుకుని ఇంటారు కదండీ. మంచి సోటు వొచ్చినప్పుడు మీ మొహంలో తెలిసిపోద్ది. నాకు ఆ పాటలన్నీ ఎరికే. మీ మొహం సూస్తే ఎక్కడున్నాదో పోల్చుకునీవోడ్ని."

మూర్తి అతని చేయి పట్టుకుని, వచ్చే ఆదివారం రమ్మన్నాడు. మునుపటిలాగే కూర్చుందామన్నాడు. సూరి చాలాసేపు నులక ముడి వేళ్లతో తడుముతూ ఉండి, తల అడ్డంగా ఊపాడు.

"ఇంక బాగోదండి మూర్తిగారూ. నాను సూస్తన్నానని మీకు తెలిసిపోయింది. ఇంక మీరు నాకోసం మొహం పెడతారు."

ఆ పొద్దున్నే ఇరవై సార్లు రాసిన కాగితం మూర్తి జేబులోనే ఉంది. ఏది పెట్టారో ముందే తెలిసినవాడు వినేది వేరు, తెలియనివాడు వినేది వేరు అని ఆ కాగితం ఆయనకు అప్పుడే నేర్పింది. కోడలు ఇచ్చిన టీ తాగి మూర్తీ మాస్టారూ వెనక్కి వచ్చారు. ఆ తర్వాత మూర్తి వారానికోసారి మిల్లు లైన్లకు వెళ్లి, కాసేపు సూరి పక్కన కూర్చుని వచ్చేవాడట, కానీ రికార్డు మాత్రం ఒక్కడే వినేవాడు, కళ్లు తెరుచుకుని.

ఇక్కడితో మాస్టారు ఆపారు. శశిరేఖ, ఆ పరీక్ష పెట్టకుండా ఉంటే బాగుండేదని మీకు అనిపించిందా అని మెల్లగా అడిగింది. అనిపించలేదన్నారు. లేనిది ఉందనడం తానెవరికీ నేర్పలేదనీ, ఇకముందు నేర్పబోననీ అన్నారు. ఆమె బల్లమీద పెట్టిన ఆ తెల్లటి పెట్టెను తీసి, ఆమె చేతికే తిరిగి ఇచ్చారు.

"మీటరు చెప్పిందే రాసివ్వమ్మా. ఇవ్వడానికి మాత్రం నువ్వే వెళ్లు. ఆయన పాట పెట్టుకున్నప్పుడు పక్కన ఎవరు కూర్చుంటారో చూసి రా."