చేటెడు బియ్యం

వకీలు విరూపాక్షయ్య మహా మాటకారి. మంత్రసాని నూకాలు పొలాన్ని పొరుగువాడు కలిపేసుకుంటే, రాజుగారి సభలో వాదించి తిరిగి ఇప్పించాడు. ఫీజు సంగతి ముందుగా ఇద్దరూ అనుకోలేదు. గెలిచాక మాత్రం తన ఇంటి అరుగు మీద కూర్చుని సగం పొలం రాసిమ్మన్నాడు.

"నేను లేకపోతే నీకా పొలమే దక్కేది కాదు. సగం అడగడం తప్పా?"

అంతలో ఆయన కూతురు వచ్చి ఒళ్లో కూర్చుంది. నూకాలు పాపను చూసి నవ్వింది.

"ఈ తల్లి కడుపులో అడ్డం తిరిగితే నేనే గదయ్యా కాన్పు చేశాను. అప్పుడూ ఇంతివ్వాలని ముందుగా ఏమీ అనుకోలేదు. అమ్మగారు చేటెడు బియ్యం చేటతో సహా ఇస్తే కళ్లకద్దుకుని వెళ్లాను. మీ లెక్కన సగం పాప నాదే. పొద్దున మీ దగ్గర, సాయంత్రం నా దగ్గర ఉంచుదామా?"

విరూపాక్షయ్య చేతులు పాప చుట్టూ బిగుసుకున్నాయి.

"బిడ్డకూ పొలానికీ పోలికేమిటి నూకాలూ?"

"నా బిడ్డలు తినేది ఆ పొలం గింజలేనయ్యా."

ఆయన ఒళ్లో పాపను చూసుకున్నాడు. చివరికి, "నీకు మేమిచ్చిందే నాకూ ఇయ్యి," అన్నాడు.

మర్నాడు నూకాలు చేటతో బియ్యం తెచ్చింది. ఆ చేట చూడగానే ఆయన భార్య గుర్తుపట్టింది.

"పుట్టగానే మన పాపను పడుకోబెట్టింది ఇందులోనే!"

విరూపాక్షయ్య లేచి నిలబడి, రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకున్నాడు.