ఇంటిబండి బేరం

అనగనగా, ఇళ్లు కూడా ఊళ్లు తిరిగే రోజుల్లో, కోనప్ప, సింగారమ్మ అని తోలుబొమ్మలాట ఆడే ఆలుమగలు ఉండేవారు. వాళ్లకి ఇద్దరు పిల్లలు, ఒక జత ఎద్దులు, కప్పులేని బండి, పెట్టెడు బొమ్మలు. ఆ బొమ్మలే వాళ్ల అన్నం.

కిందటి వానాకాలం ఏమైందనుకున్నారు? పెట్టె తడిసింది, తోలు ముడుచుకుపోయింది. పదితలల రాక్షసుడికి ఏడు తలలే మిగిలాయి. చూసినవాళ్లు నవ్వారు గానీ, సింగారమ్మ ఏడ్చింది. ఇంకోసారి తడిస్తే ఇక ఆటే ఉండదు.

అందుకని ఏడాదంతా ఆడి, సొమ్ము కూడబెట్టి, వానలు రాకముందే ఇంటిబండి కొనాలని సంతకు వెళ్లారు. ఇంటిబండి అంటే ఏముంది? పైకప్పు, తలుపు, మంచం, పొయ్యి, అన్నీ ఉన్న ఇల్లే, కాకపోతే కింద చక్రాలు.

మాణిక్యం అనే వర్తకుడి దగ్గర ఒకటి కనబడింది. పాతదే. కానీ ఎర్రరంగు పూసి, గుమ్మానికి బంతిపూలు కట్టాడు. పిల్లలు కేరింతలు కొడుతూ ఎక్కేశారు. కోనప్ప అయితే మంచంమీద కాళ్లు చాపేశాడు కూడా.

“కాలం చేసిన మా నాన్నగారు ముచ్చటపడి చేయించుకున్న బండి. ఇప్పుడే తోలుకుపోండి,” అన్నాడు మాణిక్యం.

కోనప్ప చెయ్యి డబ్బు సంచీ మీదకి పోయింది. సింగారమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. “ఆగవయ్యా. కంగారేముంది?”

ఆమె తలుపూ కిటికీ మూసి, పిల్లలతో లోపల కూర్చుంది. తోలుబొమ్మకి చిల్లు పడిందేమో తెలియాలంటే దీపం ముందు పెట్టి చూస్తారు. ఆమె బండినే అలా చూసింది. చీకట్లో కప్పు నిండా సన్నని వెలుగులు.

“అమ్మా, పట్టపగలే చుక్కలు,” అంది చిన్నపిల్ల.

వెలుగు దూరిన చోట వాన దూరదా మరి? మాణిక్యం మూతి ముడుచుకుని కప్పు కొత్తగా వేయించాడు.

“ఇక చాలుగా,” అన్నాడు కోనప్ప.

“ఎద్దుల్ని కట్టు. అందరం ఎక్కి తోలి చూద్దాం.”

మాణిక్యం చదునైన బాట చూపించాడు. ఆమె రాళ్లబాట పట్టించింది. నాలుగడుగులు వేశారో లేదో, ఇరుసు ముసలమ్మలా మూలిగింది. మాణిక్యం పళ్లు నూరుతూ ఇరుసు మార్పించాడు.

“ఇప్పుడైనా కొందామా తల్లీ?” అన్నాడు కోనప్ప. పాపం, అతని మనసంతా ఆ మంచం మీదే.

“ఒక్క మాట. అయ్యా, బండి మీదేనన్న పత్రం ఏది?”

“పత్రమెందుకమ్మా? ఇది నాదని ఊరందరికీ తెలుసు.”

“ఈ ఊరికి తెలుసు. మేం పోయే ఊళ్లకి తెలీదుగా. సుంకం చావడి దగ్గర భటులు ఆపితే మిమ్మల్ని ఎక్కణ్ణుంచి తేను?”

మాణిక్యం గొణుక్కుంటూ పత్రం తెచ్చాడు. రాజముద్ర ఉంది, తండ్రి పేరుంది, అమ్ముతున్నానని మాణిక్యం సంతకమూ ఉంది. సింగారమ్మ దాన్ని చూసి, అతని మొహం చూసింది.

“మీ నాన్నగారి బండి అన్నారు కదా. ఆయనకి ఎంతమంది కొడుకులు?”

మాణిక్యం గుమ్మానికున్న బంతిపూలు సర్దడం మొదలుపెట్టాడు. చుట్టూ చేరినవాళ్లే చెప్పారు, ఇద్దరని. తమ్ముడు వరహాలు పక్క ఊళ్లోనే ఉంటాడట.

“అయితే ఆయన కూడా సంతకం పెట్టాలి,” అని సింగారమ్మ అక్కడే చతికిలబడి, అతనికి కబురు పెట్టింది.

వరహాలు రొప్పుతూ వచ్చాడు. “అన్నయ్యా, నాకు చెప్పకుండానే అమ్మేద్దామనుకున్నావా? నాకు అనుమానం వచ్చి, బండి కనబడితే పట్టుకోమని చావడి భటులకి పొద్దున్నే చెప్పొచ్చాను.”

కోనప్పకి బండీ లేక, సొమ్మూ లేక, పిల్లలతో, బొమ్మల పెట్టెతో వానలో నిలబడ్డట్టు అనిపించింది.

అన్నదమ్ములు కాసేపు పోట్లాడుకుని, సొమ్ము చెరిసగానికి ఒప్పుకున్నారు. వరహాలు కూడా సంతకం పెట్టాకే కోనప్ప సంచీ ముడి విప్పాడు. వరహాలు తనే చావడిదాకా వచ్చి బండిని దాటించాడు.

చావడి దాటగానే వాన దంచికొట్టింది. లోపల చుక్క పడలేదు. పిల్లలు గంతులేశారు. కోనప్ప ఎద్దుల్ని తోలుతూ, తడుస్తూ పాట అందుకున్నాడు. మంచంమీద సింగారమ్మ కూర్చుని, రాక్షసుడికి ఎనిమిదో తల కుట్టడం మొదలుపెట్టింది.

అందుకే పిల్లలూ, వస్తువు ఎంత నచ్చినా సరే, బాగోగులు చూసి, హక్కున్న వాళ్లందరి చేతా రాయించుకున్నాకే సంచీ ముడి విప్పాలి.