స్తోత్రాలు మానేసిన శుక్రవారాలు

"మన స్తోత్రాల వల్ల దేవుడికి ఒరిగేదేమిటండీ, అయ్యగారూ?" అని నతానియేలు అడిగాడు. అడిగాడనేకంటే విసుక్కున్నాడనడమే సరైన మాట.

పరంజ్యోతి అయ్యగారు ఆ పల్లె సంఘానికి గురువు. నతానియేలు ఆయన దగ్గర ఉపదేశి పని నేర్చుకుంటున్నాడు. శుక్రవారం ఉపవాస కూటం నడిపే బాధ్యత అతనిది. ఆ సంఘంలో ఒక వాడుక ఉంది. విన్నపం నెరవేరినవాళ్లు కూటం మొదట్లోనే లేచి స్తోత్రం చెప్పుకోవాలి. ఆ రోజు నుంచి కూటం నడిపే మనిషి ఆ విన్నపాన్ని ప్రార్థనలోంచి తీసేస్తాడు. వాడుక మంచిదే, కానీ లేచినవాళ్లు ఓ పట్టాన కూర్చోరే! చిట్టెమ్మగారి మేక తప్పిపోయి దొరికిందంటే, అది ఏ గట్టున మేసిందో, ఎవరి చేలో పడిందో, ఆ చేనుగలవాళ్లు ఎన్ని మాటలన్నారో అంతా వినాల్సిందే. అసలు విన్నపాల దగ్గరికి వచ్చేసరికి ఆకలితో సగం మంది కునికిపాట్లు పడుతుంటారు.

"జబ్బులవాళ్లున్నారు, కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లున్నారు. వాళ్లకోసం ప్రార్థించడానికే టైము చాలక చస్తుంటే మధ్యలో ఈ మేకల పురాణాలేమిటండీ? ఇచ్చినాయనకి తెలీదా ఇచ్చానని?"

అయ్యగారు బైబిలు తెరిచి వాక్యం చూపించలేదు. ఎవరేమడిగినా కాసేపు మొహంలోకి చూసి, అడిగినవాడికే ఆ పని అప్పజెప్పడం ఆయన అలవాటు. "సరే, నీ ఇష్టప్రకారమే కానీ. స్తోత్రాలు మానేయి," అన్నారు. పెద్ద వాదనకు సిద్ధమై వచ్చిన నతానియేలు వందనాలు చెప్పి వచ్చేశాడు.

మానేసిన మొదటి శుక్రవారమే ఆడవాళ్ల వరసలోంచి ఒకామె గోడ పట్టుకుని లేచి నిలబడింది. తీరా చూస్తే అతని భార్య సంతోషమ్మ. టైఫాయిడ్ తిరగబెట్టి మంచంపట్టి, అందరూ ఆశ వదులుకున్నాక కోలుకున్న మనిషి. ఏదో చెప్పబోయింది. నతానియేలు కూర్చోమని చేత్తో సైగ చేశాడు. సొంత పెళ్లానికి మినహాయింపు ఇస్తే రేపు చిట్టెమ్మగారు ఊరుకుంటుందా? సంతోషమ్మ కూర్చుంది. ఆ తర్వాత మళ్లీ కూటానికి రాలేదు.

ఇంట్లోనూ ఆమె మాట తగ్గిపోయింది. అన్నం వడ్డిస్తుంది, నీళ్లు తోడుతుంది, అడిగినదానికి ఊఁ అంటుంది. వానలు మొదలయ్యే వేళకి ఆ ఊఁ కూడా పోయింది. ఒకనాడు ఉన్నట్టుండి, సోమవారం బస్సుకి పుట్టింటికి పోతానంది. మళ్లీ ఎప్పుడొస్తావంటే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నతానియేలుకి మొదట ఒళ్లు మండింది, తర్వాత భయమేసింది. ఆమె లేని ఇంట్లో ఎలా ఉండాలో అతనికి ఊహకే అందలేదు. తను చేసిన తప్పేమిటో బుర్ర బద్దలు కొట్టుకున్నా తట్టలేదు. పరుగున వెళ్లి అయ్యగారితో చెప్పుకుంటే, ఆయన అంతా విని, "ఈ శుక్రవారం నేనూ కూటానికి వస్తాను," అన్నారు. ఇదీ ఒక జవాబేనా? కొంప మునుగుతోందని మొరపెట్టుకుంటే కూటానికి వస్తానంటారేమిటి ఈ పెద్దాయన?

శుక్రవారం వచ్చింది. నతానియేలు మోకాళ్లూని, కళ్లు మూసుకుని విన్నపాలు అందుకున్నాడు. అన్నీ అతనికి కంఠతా. ఎక్కడా తడుముకోకుండా చెప్పగలనని కాస్త గర్వం కూడా. స్తోత్రాలు లేవు గనక తీసేయడమన్న మాటే లేదు. ఎప్పటెప్పటి విన్నపాలో చేరిన వరసలో చేరినట్టే ఉండిపోయాయి.

"ప్రభువా, కారిపోవుచున్న మా మందిరమునకు రేకులు దయచేయుము."

"ఆమేన్," అంది సంఘమంతా, కొత్తగా వేసిన రేకుల కింద కూర్చుని. ఆ రేకుల మీద వాన దడదడా కొడుతోంది. అయ్యగారు కళ్లు తెరిచి ఒకసారి పైకి చూసి, నుదురు కొట్టుకుని మళ్లీ కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా, వ్యాధితో మంచము మీదనున్న నా భార్య సంతోషమ్మను జ్ఞాపకము చేసికొనుము. ఆమెను లేవనెత్తుము."

ఈసారి ఆమేన్ రాలేదు. జనం నిద్రపోయారేమోనని నతానియేలుకి చిర్రెత్తుకొచ్చింది. గొంతు పెంచి, "లేవనెత్తుము తండ్రీ!" అన్నాడు.

"ఎవర్నండీ లేవనెత్తమంటన్నారు?"

కళ్లు తెరిచాడు. గుమ్మంలో సంతోషమ్మ. ఉపవాసం విడిచేవాళ్లకి గంజి కాచి తెమ్మని అయ్యగారే ఆమెకి కబురుపెట్టారట. గిన్నెను పైటచెంగుతో పట్టుకుని, తలంతా తడిసి నిలబడి ఉంది.

"రోజూ మీకు అన్నం వండి పెడతంది ఎవరనుకుంటన్నారు?" అంది. "బతికానని నలుగురిలో చెప్పుకుందామనే ఆ రోజు లేచాను. కూర్చోమన్నారు. నేనింకా మీకు ఆ మంచంలోనే ఉన్నానా?"

"అయ్యో, మేమూ వారం వారం ఆమేన్ అంటానే ఉన్నామమ్మా," అని చిట్టెమ్మగారు నోరు నొక్కుకుంది.

నతానియేలుకి భూమిలోకి కుంగిపోయినట్టయింది. తన ఎదుట తిరుగుతున్న మనిషిని, తనకు వడ్డించిన చేతిని ఇన్నాళ్లూ తను చూడనేలేదు. అయినా ఇందరి ముందు లేచి ఆమె దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. దిక్కుతోచక అయ్యగారి వైపు తిరిగి, "విన్నపాలు ఇంకా మిగిలే ఉన్నాయండీ..." అని గొణిగాడు.

అయ్యగారి ఓపిక అయిపోయింది.

"ఉండనీవయ్యా, అవెక్కడికీ పోవు! ముందు ఆవిడ చేతిలోది అందుకో."