కాదనలేని మొక్క

ఆ కార్తీకమాసంలో పోలనకి తిండి సయించలేదు. కుండీలో గంజాయి మొక్క చచ్చిపోతోంది.

గంజాయి అనగానే ఇప్పుడు మనకి తోచేది వేరు. నల్లమల అంచున ఉన్న ఆ వైద్యమఠంలో మటుకు అది మందుమొక్క. నొప్పితో మెలికలు తిరిగేవాళ్లకీ, నిద్ర పట్టనివాళ్లకీ గురువుగారు మారయ్యస్వామి కొలత చూసి లేహ్యంలో కలిపి ఇచ్చేవారు. పెరట్లో మడి నిండా అవే మొక్కలు. వాటిలో ఒకటి పోతే ఎవరూ పట్టించుకోరు.

కానీ పోలన మొక్క మడిలోది కాదు. తిప్పన పంపినది.

తిప్పనా పోలనా పన్నెండేళ్లు ఒకే చాప మీద కూర్చుని మూలికల పేర్లు వల్లె వేసినవాళ్లు. మూడేళ్ల కిందట తిప్పన కొత్త మూలికలు వెతుకుతానని హిమాలయాల వైపు వెళ్లాడు. ఏడాదిలో వస్తానన్నాడు. రాలేదు. ఈ వైశాఖంలో ఒక యాత్రికుడు మఠానికి వచ్చి, చిన్న గుడ్డముడి పోలన చేతిలో పెట్టాడు. అందులో ఏడు గింజలున్నాయి.

"ఇవి మొలిస్తే తను వచ్చినట్టే అనుకోమన్నాడు మీవాడు," అని చెప్పి, మజ్జిగ తాగి, తన దారిన తను పోయాడు.

ఏడింటిలో ఒక్కటే మొలిచింది.

పోలన దాన్ని మట్టికుండీలో నాటి, తన గది ముందు అరుగు మీద పెట్టుకున్నాడు. మోకాలెత్తు పెరిగింది. ఒక్కో ఆకుకీ ఏడేసి వేళ్లు, అంచున రంపపు పళ్లు. చూడముచ్చటగా ఉండేది. దసరా వెళ్లాక కింది ఆకులు పచ్చబడ్డాయి. పై ఆకులు తడిగుడ్డల్లా వేలాడాయి. ఇవాళ ఒకటి, రేపు రెండు, రాలడం మొదలుపెట్టాయి.

పోలన వైద్యుడు కదా! పసుపు రంగు చూడగానే అతనికి కామెర్లు గుర్తొచ్చాయి. నేలఉసిరి దంచి రసం తీసి మొక్క మొదలు దగ్గర పోశాడు. తగ్గలేదు. పలచటి మజ్జిగ పోశాడు. ఇంకాస్త వాలిపోయింది.

మఠంలో మందులు నూరే గంగసాని రోలు దగ్గర్నుంచే కేకేసింది.

"ఏం నాయనా, దానికి పథ్యం కూడా చెప్పావా? నూనె తగలనివ్వొద్దన్నావా?"

"నవ్వకు అత్తా. ప్రాణం పోయేలా ఉంది."

"దానిదా, నీదా?"

పోలన లేచి గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

మారయ్యస్వామి వచ్చి కుండీ పక్కన చతికిలబడ్డారు. పోలన పాఠం అప్పజెప్పినట్టు లక్షణాలన్నీ చెప్పాడు.

"మరి నాడి చూశావా?"

"మొక్కకి నాడి ఏముంటుంది స్వామీ?"

"కామెర్లున్నప్పుడు నాడి ఉండదటరా?" అన్నారు స్వామి. గంగసాని కిసుక్కుమంది. "సరే. ఇవాళ నేనిక్కడే కూర్చుంటాను. నువ్వు రోజూ ఏం చేస్తావో అదే చెయ్యి."

పోలన పాఠానికి కూర్చున్నాడు. ఒక శ్లోకం సగం చదివి ఆగాడు. రెండో సగం ఎప్పుడూ తిప్పన అందుకునేవాడు. పోలన పుస్తకం మూసి, గాబులోంచి చెంబెడు నీళ్లు ముంచుకుని కుండీ దగ్గరికి వచ్చాడు.

స్వామి చెయ్యి చాపారు. గురువుగారికి దాహమేమోనని పోలన చెంబు అందించాడు. ఆయన గటగటా తాగి, ఖాళీ చెంబు తిరిగిచ్చారు.

కాసేపటికి కొండదారిలో మాటలు వినబడ్డాయి. పోలన గుమ్మం దాకా పరుగెత్తాడు. కట్టెలు కొట్టేవాళ్లు. మెల్లగా వెనక్కి వచ్చి చెంబు ముంచాడు. స్వామి మళ్లీ చెయ్యి చాపారు. మళ్లీ తాగారు.

మధ్యాహ్నం వడ్డన వేళ పోలన చెయ్యి అలవాటున పక్కన ఇంకో విస్తరి వేసింది. వేశాక చూసుకున్నాడు. విస్తరి తీసేసి, అన్నం ముట్టకుండానే చెంబు పుచ్చుకుని వచ్చాడు. అదీ స్వామే తాగారు.

"స్వామివారికి ఒంట్లో ఎలా ఉందో! ఇంత దాహమేమిటి తల్లీ!" అంది గంగసాని.

అయిదో చెంబు సగంలో ఉండగా స్వామి పొట్ట పట్టుకుని, గోడకి జారగిలబడ్డారు. ముఖం నిండా చెమట.

"ఇంక నావల్ల కాదురా."

పోలన కంగారు పడ్డాడు. "దాహం లేకపోతే ఎందుకు తాగారు స్వామీ?"

"నువ్వు ప్రేమగా తెస్తున్నావు. ఎలా కాదంటాను?"

పోలన తల తిప్పి కుండీ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎత్తు దాన్ని," అన్నారు స్వామి.

ఎత్తబోతే కదల్లేదు. రాయిలా ఉంది. స్వామి వేలి కణుపుతో కుండీని కొట్టారు. డొబ్బుమంది. పోలన రెండు చేతులా ఒరిగించి అడుగు చూపించాడు. అడుగున ఉండవలసిన చిల్లు లక్కతో పూడ్చి ఉంది.

"ఇదెవరు చేశారు?"

"నేనే," అన్నాడు పోలన, తల వంచుకుని. "ఒక్క చుక్క కూడా బయటికి పోకూడదని."

స్వామి కోప్పడలేదు. కత్తి తెమ్మన్నారు.

మొక్కని మట్టితో సహా బయటికి తీశారు. కుళ్లిన వాసన గుప్పుమంది. వేళ్లన్నీ గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే పొర ఊడి చేతికొస్తున్నాయి. పోలన ఒక్కొక్కటీ కోసేశాడు. చివరికి తెల్లగా, గట్టిగా ఉన్నవి నాలుగు మిగిలాయి.

"నాలుగేనా స్వామీ?"

"నాలుగున్నాయి," అన్నారు స్వామి.

చిన్న కుండీ తెచ్చారు. అడుగు చిల్లు మీద ఒక పెంకు వాల్చి, ఇసుకా, పాత ఎరువూ కలిపిన పొడిమట్టి పోసి నాటారు. నాలుగు వేళ్లు అంత కొమ్మని మోయలేవు కాబట్టి పెద్ద ఆకులు తుంచేశారు. గుక్కెడు నీళ్లు చిలకరించి, ఎండ తగలని చోట పెట్టారు.

"మళ్లీ ఎప్పుడు పొయ్యను?"

"మట్టి ఆరి అది మోగినప్పుడు."

ఆ తరవాతి రోజులు పోలనకి గడవలేదు. ఏ మాట విన్నా, ఏ ఆకు పేరు చదివినా తిప్పనే గుర్తొచ్చేవాడు. చెయ్యి చెంబు మీదకి పోయేది. వచ్చి కణుపుతో కొట్టేవాడు. డొబ్బు. వెనక్కి వెళ్లి చెంబు బోర్లించేవాడు. ఇన్నాళ్లూ బెంగ వచ్చినప్పుడల్లా చేతికొక పని ఉండేది. ఇప్పుడు బెంగ వచ్చి, ఎదురుగా కూర్చుని, కదిలేది కాదు.

మొక్క మోడులా నిలబడి ఉంది. బతికిందో లేదో చెప్పడం కష్టం. గంగసాని కూడా ఎగతాళి మానేసింది. ఒకరోజు దగ్గరికొచ్చి, "పోతే పోయిందనుకో నాయనా," అంది మెల్లగా. పోలన తల అడ్డంగా ఊపాడు.

పదకొండో రోజు పొద్దున్న కొడితే కుండీ ఖంగుమంది.

పోలన వంగి చూశాడు. కొమ్మ చివర, చిటికెన వేలి గోరంత, ఆకు. లేత ఆకుపచ్చ. అంచున రంపపు పళ్లు అప్పుడే కనిపిస్తున్నాయి.

చెంబు తెచ్చి నిదానంగా పోశాడు. మట్టి తాగినంత తాగి, మిగతాది కింద నుంచి వదిలేసింది.

మారయ్యస్వామి ఎండలో మందువేళ్లు ఆరబోస్తున్నారు. పోలన వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"చిగురేసింది స్వామీ."

"ఊఁ."

పోలన కదల్లేదు.

"ఇంకేమిట్రా?"

"ఇకమీదట అయిదారు రోజులకోసారే కదా నీళ్లు?"

"అంతే."

"మధ్యలో వాడు గుర్తొస్తే ఏం చెయ్యను?"

స్వామి చేతిలోని వేరుని తిరగేసి ఎండకి పెట్టారు.

"గుర్తు చేసుకో."

పోలన అరుగు మీదకి వెళ్లి కూర్చున్నాడు. ఆ ఉదయం చాలాసేపు అలాగే కూర్చున్నాడు, ఉత్త చేతులతో.