జానెడు దారం

మాబున్ని కడుపులో మంట మొదలై నాలుగు నెలలయింది. ఆ మంట మీద ఎసరు పెట్టి ఉంటే ఊరంతటికీ బువ్వ ఉడికేది. కుండెడు మజ్జిగ తాగింది. మెంతులు నానబెట్టుకొని తినింది. తాయెత్తు కట్టించుకుంది. ఏదీ పని చెయ్యలేదు. చెయ్యదని ఆమెకూ తెలుసు. ఆ మంట పేరు ఓబుళమ్మ.

ఓబుళమ్మ రాకముందు నల్లగుట్ట కింద అంతా చల్లగానే ఉండేది. గుట్ట కింద చిన్న దర్గా, దర్గా పక్కన రేకుల పంచ, ఆ పంచలో పీరమ్మ జేజి. జేజి వయసెంతో ఎవరికీ తెలీదు. గుట్ట గులకరాయంత ఉన్నప్పటి నుంచీ ఆమె అక్కడే కూర్చొని బొంతలు కుడుతోందని చుట్టుపక్కల పది ఊళ్ళవాళ్ళు ఒట్టేసి చెప్పేవాళ్ళు.

పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు నుంచి నడిమికి వరసగా కుట్టుకుంటూ పోవడం. అంతే ఆమె పని. కుట్టిన బొంతలు బాలింతలకూ, గొర్రెల కాపరులకూ, దారిన పోయే ఫకీర్లకూ పోయేవి. ఆ బొంత కప్పుకుంటే చలి తానే వణికిపోయి పక్క ఊరికి పారిపోయేదట.

నేర్చుకుంటామని వచ్చిన ఆడవాళ్ళకు జేజి చెప్పేది ఒక్కటే మాట. "కుట్టుకొకసారి దేవున్ని తలుచుకోండి. మీ దేవున్ని, మీ నోటికొచ్చిన పేరుతో." మంత్రమూ అదే, చదువూ అదే.

మాబున్ని వచ్చి పదకొండేళ్ళు. చేతిలో పనితనం ఉంది, కాదనడానికి లేదు. ఆమె కుట్లు చూసి చీమలు వరసగా నడవడం నేర్చుకున్నాయి. కానీ అలవాట్లు! పంటితో దారం కొరికీ కొరికీ ముందు పళ్ళ మధ్య సందు పడింది. దాంట్లో ఎద్దులబండి తోలుకుపోవచ్చు. వాడని సూదులన్నీ రైకకు గుచ్చుకునేది. పండక్కి అలాయ్‌బలాయ్ అంటూ కౌగిలించుకోవడానికి వచ్చిన సొంత చెల్లెలు కెవ్వుమని అరిచి నాలుగడుగులు వెనక్కి దూకింది.

అన్నిటికంటే పెద్ద జబ్బు దారం పొడుగు. మళ్ళీ మళ్ళీ సూదికి ఎక్కించే పని లేకుండా ఒకేసారి బారెడు తెంచేది. బారెడంటే మాటవరసకు. ఒకసారి ఆమె సూది లాగితే చెయ్యి పంచ దాటి బయటికి పోయి, దోవన పోతున్న మేకపోతు కొమ్ముకు దారం చుట్టుకుంది. పొడుగు దారం ఊరుకుంటుందా? ముడి పడేది. దేవుని పేరు పలకాల్సిన నోటితోనే ముడిని తిట్టేది.

"కురచగా తెంచు మే" అనేది జేజి.

"సరే జేజీ."

మూడు రోజులు కురచ. నాలుగో రోజు మళ్ళీ బారెడు.

అయినా మాబున్నికి దిగులుండేది కాదు. ఎందుకంటే జేజి సూదికి దారం ఎక్కించేది ఆమే. జేజికి చూపు మందగించిందని అందరూ అనుకునేవాళ్ళు. జేజి సూది చాచి "ఎక్కించు మే" అనేది. ఆ మాట కోసం మాబున్ని ఎండనక, వాననక మూడు మైళ్ళు నడిచి వచ్చేది. పదకొండేళ్ళలో ఆ సూదిని ఇంకొకరి చెయ్యి తగలనివ్వలేదు. చలిజ్వరం వచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకొని, వణుకుతూ వచ్చి, దారం ఎక్కించి పోయింది.

అప్పుడొచ్చింది ఓబుళమ్మ. మేకలు కాసే ఇంటి కోడలు, ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆమె కుట్టు సంత నుంచి ఇంటికి పోయే తాగుబోతులా నడిచేది. ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకటి ఎక్కడికి పోయిందో దానికే తెలీదు. అది చూసి మాబున్ని నవ్వుకుంది. పిల్ల మంచిదేలే అనుకుంది.

నాలుగో రోజు జేజి సూది చాచింది. మాబున్ని చెయ్యి ముందుకు పోయింది. సూది మాత్రం పక్కకు తిరిగింది.

"ఎక్కించు మే ఓబుళమ్మా."

ఓబుళమ్మ జానెడు దారం తెంచి ఎక్కించి ఇచ్చింది. జానెడు దారం ఎంతసేపని వస్తుంది? కాసేపటికే మళ్ళీ "ఓబుళమ్మా". మళ్ళీ కాసేపటికి "ఓబుళమ్మా". పొద్దు గూకేలోపల జేజి ఆ పేరు నలభై రెండుసార్లు పిలిచింది. మాబున్ని లెక్కపెట్టింది. తన పేరు ఒక్కసారి పిలిచింది, "మాబున్నీ, కాలు తియ్యి, బొంతకు అడ్డముంది" అని.

ఆ రాత్రి మంట అంటుకుంది.

తెల్లారి వస్తూనే అడిగేసింది. "జేజీ, నా వల్ల తప్పేమైనా జరిగిందా?"

"లేదు మే."

"మరి దారం?"

"నువ్వు పొడుగు ఎక్కిస్తావు కద."

అంతేనా అనుకుంది మాబున్ని. పరుగున పోయి జేజి సూది లాక్కుని వేలెడు దారం ఎక్కించింది. వేలంటే చిటికెన వేలు. జేజి ముడి వేసేలోపలే దారం అయిపోయింది. ఒక్క కుట్టు కూడా పడలేదు. మాబున్ని మళ్ళీ వేలెడు ఎక్కించింది. మళ్ళీ ముడికే సరిపోయింది. అట్లా ఇరవైసార్లు. ఇరవై ముడులు జేజి ఒళ్ళో ఆవాలు పోసినట్టు పడ్డాయి.

జేజి వాటిని దులిపేసి, సూది ఓబుళమ్మకు ఇచ్చింది.

ఇక మాబున్నికి కూడు సయించలేదు. ఓబుళమ్మ నవ్వితే తన మీదే అనుకునేది. ఓబుళమ్మ దగ్గితే గొప్పలు పోతోందనుకునేది. "చెయ్యి కడుక్కున్నావా మే? మేకలు పిండిన చేత్తో జేజి సూది ముట్టుకుంటే సూదికి కూడా వాసన పడుతుంది" అనేది.

"కడుక్కున్యా అక్కా, సబ్బు పెట్టి" అనేది ఓబుళమ్మ, చెయ్యి ముందుకు చాచి. వాసన చూడమన్నట్టు. మాబున్ని ముక్కు తిప్పుకునేది. ఆ చెయ్యి నిజంగానే సబ్బు వాసన వచ్చేది. అది ఇంకా మంట.

ఒకరోజు ఏడు చీరల బొంత పరిచారు. కొండ మీద మందతో పడుకునే కాపరులకు. పెద్ద బొంత కాబట్టి ఒకే అంచున ఇద్దరు. ఎడమ పక్క మాబున్ని, కుడి పక్క ఓబుళమ్మ. ఎదుటి అంచున జేజి.

మాబున్ని బారెడు తెంచింది. కుట్టు వేసి సూది లాగింది. చెయ్యి కుడివైపు సాగి సాగి ఓబుళమ్మ ఒడి మీదుగా పోయింది. చెయ్యితో పాటు కన్నూ పోయింది. ఓబుళమ్మ ఎన్ని కుట్లు వేసింది? ఏ రంగు దారం? జేజి అటు చూసిందా? కన్ను అక్కడే ఉండిపోయింది, చెయ్యి ఒక్కటే వెనక్కి వచ్చి ఇంకో కుట్టు వేసింది. పదకొండేళ్ళ చెయ్యి, చూడకపోయినా కుట్టగలదు. మళ్ళీ లాగింది. మళ్ళీ కన్ను పోయింది. పొద్దు బారెడు ఎక్కేసరికి ఆమెకు తన బొంతలో ఏ చీర ఎక్కడుందో తెలీదు. ఓబుళమ్మ ముక్కుపుడకకు ఎన్ని రాళ్ళో, అందులో ఏది వదులైందో చెప్పగలదు.

ఉండబట్టలేక నోరు తెరిచింది.

"జేజీ, ఈమె ఇప్పుడు తొమ్మిది కుట్లు వేసింది. పెదవులు ఏడుసార్లే కదిలినాయి. రెండు కుట్లు దేవుడు లేకుండానే పోయినాయి."

"మనసులో అనుకున్యాలే అక్కా. నోరు తెరిస్తే దోమ పోతాంది" అంది ఓబుళమ్మ.

"దేవుని పేరు పలికే నోట్లోకి దోమ పోతుందా?"

"పాయ కదా, మొదటి కుట్టుకే!"

"మాబున్నీ, కడవలో నీళ్ళు ముంచుకొని రా మే" అంది జేజి.

మాబున్ని విసురుగా లేచింది. బొంత కూడా ఆమెతో పాటు లేచింది.

ఓబుళమ్మ చేతిలో సూది ఊడిపోయింది. జేజి పక్కనున్న దారపు రీలు దొర్లుకుంటూ దర్గా గడప దాకా పోయింది. పంచ రేకుల మీది పావురాలు లేచి మళ్ళీ రెండు రోజుల దాకా వాలలేదు. మాబున్ని కిందికి చూసుకుంది. మోకాలి నుంచి ఒడి దాకా, మూడు వరసలు, తన చీరను బొంతకు పెట్టి కుట్టేసుకుంది. ఏడు చీరల బొంతకు ఎనిమిదో చీర ఆమె కట్టుకున్నదే.

ఓబుళమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. "అక్కా, నువ్వు గూడా బొంతలోకే పోతివా!" అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది. కత్తెర తీసుకొని పరుగున వచ్చింది. "కదలొద్దు అక్కా, నేను విప్పుతా."

"నా కుట్టు ముట్టుకున్నావంటే చూడు!"

జేజి మెల్లగా లేచి వచ్చింది. కుట్ల మీద వేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమింది.

"ఎంత చక్కగుండాయి మే! ఒక్కటి గూడా వంకర పోలే."

అంతే, మాబున్నికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ కన్నీళ్ళకు ఎండిపోయిన వాగూ వంకా పారి ఉండాల్సింది, ఎందుకో పారలేదు. "నేను పోతా జేజీ. ఇంక రాను. నీకు ఆమే ఎక్కించనీ. పదకొండేండ్లు నేను చేసింది నీకు కనపడలే, నాలుగు నెలల పిల్ల కనపడె."

"పో" అంది జేజి. "బొంత ఈడ పెట్టి పో."

మాబున్ని ముక్కు చీదుకుంటూ కూలబడి, తన కుట్లు తానే విప్పుకుంది. కత్తెర వాడలేదు. సూది మొనతో ఒక్కొక్కటే. నూటపన్నెండు. ఒక్కొక్క కుట్టూ ఎంత సన్నంగా, ఎంత గట్టిగా వేసుకుందంటే వేళ్ళ చివర్లు ఎర్రబడ్డాయి. చివరి కుట్టు ఊడాక చీర దులుపుకొని, చెప్పులు వేసుకోబోయింది.

జేజి రీలు అందుకొని దారం తెంచింది. జానెడు. మాబున్ని వదిలిన సూదిని తాను తీసుకుంది. మొహం గుట్ట వైపు తిప్పుకొని, చేతుల వైపు చూడనైనా చూడకుండా, ఒక్కసారికే ఎక్కించింది.

మాబున్ని చెప్పులోకి దూరబోయిన కాలు అక్కడే ఆగిపోయింది.

"జేజీ... నీకు ఎక్కించను వస్తాదా?"

"అరవై ఏండ్లుగా కుడతాండా మే. బెజ్జం యాడుందో వేలికి తెలీదా?"

"మరి ఇన్నేండ్లు నాతో ఎందుకు ఎక్కిచ్చుకుంటివి?"

"నువ్వు ఎక్కిస్తానంటివి."

జేజి సూది మాబున్ని చేతిలో పెట్టింది.

"విప్పినకాడ ఖాళీగుంది. ఈ దారం అయిపోయినంత దూరం కుట్టి పో."

జానెడు దారమే కదా, చిటికెలో అయిపోతుంది. మాబున్ని కూర్చుంది. కుట్టు వేసి లాగింది. చెయ్యి అలవాటు కొద్దీ కుడివైపు సాగబోయింది. దారం రానివ్వలేదు. మోచెయ్యి చాచకముందే సూది గుడ్డ దగ్గరికి తిరిగొచ్చింది. బయల్దేరిన చూపు కూడా సగం దోవలోంచే తిరిగొచ్చింది. ఇంకో కుట్టు. "అల్లా" అంది. ఇంకోటి. దారం అయిపోయింది.

తల ఎత్తకముందే జేజి ఇంకో జానెడు అందించింది. "ఇది గూడా."

అదీ అయిపోయింది. ఇంకోటి వచ్చింది. నాలుగోసారి జేజి ఇవ్వలేదు. మాబున్నే రీలు కోసం చెయ్యి చాపింది. తెంచుకుంది. ఎక్కించుకుంది. ఎంత తెంచిందో ఆమె చూసుకోలేదు, జేజి చూసింది.

బొంతలో ఒక పాత నీలం చీర ఉంది. దాని మీద చుక్కలున్నాయి. ఎవరో చుక్క చుక్కకూ నడుమ చిరుగును ఎప్పుడో దాచి కుట్టుకున్నారు. ఎంత ఓపికగా కుట్టుకున్నారో! మాబున్ని ఆ పాత కుట్ల పక్కనుంచి తన కుట్లు మెల్లగా నడిపించింది. ఆ చీర కట్టుకున్న తల్లి ఎవరో గానీ, ఒక కుట్టు ఆమె కోసం కూడా వేసింది.

పంచ నీడ గుట్ట మొదలు దాకా సాగింది. వరస బొంత నడిమికి చేరింది. మాబున్ని నడుము విరుచుకొని, తల ఎత్తి కుడి పక్కకు చూసింది.

చాప ఖాళీగా ఉంది.

"జేజీ, ఓబుళమ్మ యాడికి పాయ?"

"మేకలు తోలుకొస్తానని పాయ."

"ఎప్పుడు?"

"కూడు తిన్నాక."

మాబున్ని మొహం మళ్ళీ కొంచెం ముడుచుకుంది. "అయితే మీరిద్దరే తింటిరా? నన్ను పిలవను నోరు రాలేదా?"

"నువ్వూ తింటివి మే."

"నేనా?"

"సూది దించకపోతివి కద. ఆ పిల్లే సంగటి ముద్ద చేసి నీ నోట్లో పెట్టె. 'ఇంకోటి పెట్టు' అని అడిగి మరీ తింటివి."

మాబున్ని నాలుకతో పెదవులు తడుముకుంది. చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి కారం తగిలింది.